విశ్రాంతికి ఏది మేలు: అండమానా, లక్షద్వీపా?

విశ్రాంతి కోసమే ఒక దీవికి వెళ్లాలనుకునే తెలుగు కుటుంబానికి మన దేశంలో రెండు దిక్కులున్నాయి: బంగాళాఖాతంలో అండమాన్, అరేబియా సముద్రంలో లక్షద్వీప్. రెండూ అందమైనవే కనుక అందాన్ని బట్టి తీర్పు చెప్పడం కుదరదు. వారం రోజుల సెలవులో ఏది మనిషిని ఎక్కువసేపు ఒకచోట, ఏ తొందరా లేకుండా కూర్చోనిస్తుందన్నదే నా కొలత. రెండు చోట్లా ఇంటిల్లిపాదితో గడిపిన అనుభవంతో ఈ మాటలు రాస్తున్నాను.

చేరుకోవడంలో అండమాన్‌దే పైచేయి. హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి నేరుగా విమానాలున్నాయి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో దిగగానే బజారులో తెలుగు వినబడుతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి కాబట్టి, కొత్త చోట బెంగపడే పెద్దవాళ్లకు అదొక ఊరట. లక్షద్వీప్‌కు మాత్రం ముందుగా ప్రవేశ అనుమతి తీసుకోవాలి, ఆ తరువాత సాధారణంగా కొచ్చి చేరుకోవాలి, అక్కడి నుంచి విమానాశ్రయం ఉన్న అగత్తి దీవికి చిన్న విమానంలో సుమారు గంటన్నర, లేదా దీవిని బట్టి 14 నుంచి 18 గంటల ఓడ ప్రయాణం.

అయితే అండమాన్‌లో అసలు ప్రయాణం దిగిన తరువాతే మొదలవుతుంది. స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హావ్‌లాక్), షహీద్ ద్వీప్ (పాత పేరు నీల్) చూడాలంటే మళ్లీ పడవలెక్కాలి. మేము ఒక ట్రావెల్ ఏజెంటు మాట విని ఐదు రోజుల్లో మూడు దీవులు పెట్టుకున్నాము. ఉదయాన్నే సామాను సర్దడం, జెట్టీలో వరుసలో నిలబడడం, గది తాళాల కోసం ఎదురుచూడడంతోనే సెలవులో మంచి భాగం కరిగిపోయింది. మా అమ్మ స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ తీరాన గట్టిగా గంటసేపైనా కూర్చోలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

దీనికి గడియారం కూడా తోడవుతుంది. రెండు దీవుల సముదాయాల మధ్య సుమారు 20 డిగ్రీల రేఖాంశం తేడా ఉన్నా, రెండు చోట్లా నడిచేది భారత ప్రామాణిక సమయమే. అందువల్ల జనవరిలో అండమాన్‌లో సాయంత్రం ఐదున్నర కాకముందే సూర్యుడు మునిగిపోతాడు, అగత్తిలో ఆరు దాటాక కూడా వెలుగు ఉంటుంది. పొద్దెక్కాక లేచి, సాయంత్రం తీరిగ్గా ఒడ్డున కూర్చోవాలనుకునేవారికి ఇది చిన్న తేడా కాదు.

ఇక సముద్రం సంగతి. అండమాన్ దీవులు మునిగిన పర్వతశ్రేణి శిఖరాలు; కొండలు, దట్టమైన అడవి నీటి అంచు దాకా దిగి వస్తాయి, ఆ పచ్చదనం లక్షద్వీప్‌లో లేదు. కానీ షహీద్ ద్వీప్‌లోని భరత్‌పూర్ తీరంలో పాటు వేళ నీరు వెనక్కి పోయి పగడపు రాళ్లు బయటపడతాయి. పోటు వచ్చేదాకా ఈతకు ఆగవలసిందే. కొన్ని తీరాల్లో ఉప్పునీటి మొసళ్ల హెచ్చరిక బోర్డులు ఉంటాయి, వాటిని తప్పక పాటించాలి. లక్షద్వీప్ దీవులు పగడాలతో ఏర్పడినవి, సముద్ర మట్టానికి కొద్ది మీటర్లే ఎత్తు. దూరాన పగడపు గట్టు మీద అలలు తెల్లగా విరిగిపడుతుంటే, గట్టుకు ఇవతల లగూన్ (గట్టుకూ ఒడ్డుకూ మధ్య ఉండే లోతు తక్కువ జలాశయం) నీరు చెరువులా నిలకడగా ఉంటుంది. అగత్తిలో మా పాప మోకాలి లోతు నీటిలో నిలబడి, తన పాదాల మధ్య నుంచి నీలిరంగు చేపపిల్లలు తిరిగి వెళ్లడం చూస్తూ అరగంట కదలలేదు. ఈత రాని మా నాన్నగారు కూడా నడుము లోతు దాకా నిర్భయంగా నడిచారు.

భోజనం విషయంలో శాకాహారులకు అండమానే నయం, షహీద్ ద్వీప్‌లోనే కూరగాయలు పండిస్తారు. లక్షద్వీప్‌లో సూర (ట్యూనా) చేప, కొబ్బరి తప్ప దాదాపు అన్నీ బయటి నుంచి రావలసినవే. అక్కడ ‘బంగారం’ అనే పేరున్న దీవిలో తప్ప మద్యం నిషేధం. పిల్లలతో వెళ్లేవారికి అది మేలే అంటాను. ఆరోగ్యం సరిగా లేనివారు మాత్రం పోర్ట్ బ్లెయిర్‌లో పెద్ద ఆసుపత్రి ఉన్నదని, లక్షద్వీప్ నుంచి తీవ్రమైన రోగులను కొచ్చికి తరలించవలసి వస్తుందని గుర్తుంచుకోవాలి.

అనుమతి తతంగాన్ని విసుక్కునేవారితో నేను ఏకీభవించలేను. పగడపు దీవిలో మంచినీరంటే ఇసుక కింద ఉప్పునీటి మీద తేలే పలుచని పొర. ఎక్కువ తోడితే ఉప్పు పైకి వస్తుంది. 1998, 2010, 2016 సంవత్సరాల్లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు తెల్లబడి దెబ్బతిన్నాయి కూడా. అటువంటి చోటికి వెళ్లే అతిథుల సంఖ్యకు హద్దు ఉండాలి.

నా ఎంపిక లక్షద్వీప్, అందులోనూ అగత్తి లేదా కద్మత్, ఒకే దీవిలో కనీసం నాలుగు రాత్రులు. గుండె జబ్బు ఉన్న పెద్దలతో వెళ్లేవారు, లేదా అనుమతికి వ్యవధి లేనివారు అండమాన్‌కే వెళ్లాలి. కానీ స్వరాజ్ ద్వీప్‌ను కూడా వదిలేసి, పోర్ట్ బ్లెయిర్ నుంచి నేరుగా షహీద్ ద్వీప్ చేరి అక్కడే ఉండిపోవాలి. ఎటు వెళ్లినా జనవరి నుంచి ఏప్రిల్ మధ్యలో వెళ్లడం మంచిది. గాలి మారితే పడవలు ఆగిపోతాయి కనుక తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోవాలి.