రంగు మారిన పెట్టె, అమ్మ నడుము

మా అమ్మను రైలు ఎట్లుందని అడగాల్సిన పని లేదు. దిగినాక ప్లాట్‌ఫాం మీద ఎన్ని అడుగులేసి బెంచీ కోసం చూస్తుందో లెక్కపెడితే చాలు. మొన్న హైదరాబాదు నుంచి వచ్చి తెల్లారి రేణిగుంటలో దిగినప్పుడు సరిగ్గా ఆరడుగులు. ఏడో అడుగుకు నా భుజం పట్టుకునింది.

బండి పేరొద్దు. పెట్టె పాతది, చెన్నై పెరంబూరులోని ఐసీఎఫ్ ఫ్యాక్టరీ రకం స్లీపరు. బయట మాత్రం కొత్త పెళ్ళికొడుకు మాదిరి మెరుస్తా ఉంది. ఒకప్పటి ముదురు నీలం పోయి లేత చెక్క రంగు, గోధుమ రంగు పట్టీలు వచ్చినాయి. పాత పెట్టెలకు కొత్త సొగసు ఇవ్వాలని 2018లో రైల్వే మొదలుపెట్టిన ‘ఉత్కృష్ట్’ పనిలో తెచ్చిన రంగులివి. లోపల ఎల్‌ఈడీ దీపాలు, గోడలకు బొమ్మల వినైలు, బెర్తు నంబర్ల పక్కన బ్రెయిలీ చుక్కలు. ఆ చుక్కలను నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆ రాత్రి చూపు లేని ఒక పెద్దాయన ఎవరినీ అడక్కుండా, వేలితో తడుముకుంటా వచ్చి తన బెర్తు దగ్గర నిలబడినాడు. ఆ ఒక్క దానికైనా ఆ ఖర్చు దండగ కాదనిపించింది.

మాకు వచ్చినవి 31, 32. సైడ్ లోయరు, సైడ్ అప్పరు. అమ్మకు మోకాళ్ళు బాగలేవు కాబట్టి లోయరు దొరికిందని సంబరపడినాను. పడుకునేటప్పుడు తెలిసింది. ఈ పాత పెట్టెల్లో సైడ్ లోయరంటే ఎదురెదురు సీట్ల వీపులు రెండూ కిందికి వాలిస్తే అయ్యే పడక. రెండూ కలిసే చోట సరిగ్గా నడుము కింద గాడి పడుతుంది. మా దాంట్లో ఒక పక్క స్పాంజి కుంగిపోయి, గాడి కాస్తా గట్టు అయింది. అమ్మ శాలువా మడతేసి అందులో కుక్కింది. అర్ధరాత్రి రెండింటికి నేను కిందికి తొంగిచూస్తే, కిటికీకి ఆనుకుని కూర్చుని రుద్రాక్షలు తిప్పుతా ఉంది. నేను దిగబోతే “నువ్వు పడుకో నాయనా” అనింది. పైన నేను కూడా నిద్రపోతా లేను. సైడ్ బెర్తు పొడుగు తక్కువ, నా మోకాళ్ళు ముడుచుకునే ఉండాలి. దారిలో పోయేవాళ్ళ సంచులు కాళ్ళకు తగులుతానే ఉంటాయి.

తిరుపతిలో మా మామ ఉన్నాడు, అమ్మకు తమ్ముడు. ఇక్కడి క్యారేజ్ రిపేర్ షాపులో ముప్పై ఏళ్ళు పని చేసి రిటైరైనాడు. కాఫీ చేతికిస్తానే మొదటి ప్రశ్న, “ఏమక్కా, ఏ పెట్టె?” అమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని చూపించింది. ఆయనకు అర్థమైపోయింది.

“పీఓహెచ్ అంటే చొక్కా మార్చడం కాదురా, ఎముకలు చూడటం” అన్నాడు నాతో. పీఓహెచ్ అంటే గడువు ప్రకారం పెట్టెకు చేసే పూర్తి మరమ్మతు. పెట్టెను కింద చక్రాలుండే చట్రాల మీది నుంచి లేపి, చక్రాలు, స్ప్రింగులు, బ్రేకులు విప్పి చూస్తారు. చిరిగిన రెగ్జిను మారుస్తారు, స్పాంజి మారుస్తారు. “అంతవరకే. బెర్తును ఎక్కడ బిగించినారో అక్కడే ఉంటుంది. దాన్ని జరపాలంటే కొత్త పెట్టె కట్టుకోవాల.”

కొత్త పెట్టెలు కట్టినారు కదా అంటే నవ్వినాడు. పెరంబూరులో పాత రకం తయారీ 2018తో ఆగిపోయింది. ఇప్పుడు వచ్చేవన్నీ జర్మనీ నమూనాతో మొదలైన ఎల్‌హెచ్‌బీ పెట్టెలే. పాతది పొడుగు 21 మీటర్ల చిల్లర, కొత్తది 23న్నర. రెండు మీటర్లు పెరిగింది గదా, కాళ్ళు చాపుకునేందుకు చోటొచ్చిందా? రాలేదు. స్లీపరులో 72 ఉన్న బెర్తులు 80 అయినాయి, థర్డ్ ఏసీలో 64 కాస్తా 72. పెరిగిన చోటంతా ఇంకో వరస మింగేసింది. 2021లో వచ్చిన థర్డ్ ఏసీ ఎకానమీ ఇంకో మెట్టెక్కి, అదే పొడుగులో 83 బెర్తులు పట్టించింది. నేనొకసారి అందులో వచ్చినాను. తల దగ్గర చదువుకునే దీపం, ఫోను పెట్టుకునే జేబు, ఎక్కేదానికి మంచి నిచ్చెన ఉన్నాయి. ఎవరికి ఏం కావాలో ఆలోచించి చేసిందే. కానీ మిడిల్ బెర్తు వేసినాక కింద కూర్చున్నవాడి మెడ గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. పద్ధతి ప్రకారం మిడిల్ బెర్తు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకానే. ఎనిమిదైనా లేవని మహానుభావులు ప్రతి బండిలోనూ ఉంటారు, వాళ్ళకు ఏ డిజైనూ మందు కాదు.

సైడ్ లోయరు గాడికి మాత్రం ఉపాయం దొరికింది. 2020 డిసెంబరులో అప్పటి రైల్వే మంత్రి పీయూష్ గోయల్ ఒక వీడియో పెట్టినాడు. కిటికీ పక్క నుంచి ఒక పరుపు పలకను పైకి లాగి, వాల్చిన సీట్ల మీద పరిస్తే గాడి మూసుకుపోతుంది. అలాంటి పలక ఉన్న పెట్టెలో నేను పడుకున్నాను, నిజంగా తేడా ఉంది. ఇంత చిన్న పలక కోసం ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందో! పైగా అంతకుముందు, 2007 ప్రాంతంలో, ఆ సైడ్‌లోనే మూడో బెర్తు ఇరికించి, జనం తిట్టినాక తీసేసిన చరిత్ర కూడా ఉంది.

బస గురించి రెండు మాటలు. మామ ఇల్లు లేకపోతే, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళతో వచ్చేవాళ్ళకు నేను టీటీడీ వాళ్ళ విష్ణు నివాసమే చెబుతాను. స్టేషనుకు ఎదురుగానే, రోడ్డు దాటితే చాలు. అక్కడ దర్శనం టోకెన్ల కోసం వచ్చే జనం సందడి మాత్రం భరించాల. బస్సులో వచ్చేవాళ్ళకు శ్రీనివాసం దగ్గర, బస్టాండుకు ఎదురుగా. మరుసటి రోజు బస్సులో కాణిపాకం పోయొచ్చినాము. సీటు గట్టిది, ప్రయాణం చిన్నది, అమ్మ ఏమీ అనలేదు.

తిరుగు ప్రయాణానికి మామ పట్టుబట్టి వందే భారత్ టికెట్టు తీయించినాడు. 2023 ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్ బండి. మధ్యాహ్నం మూడు దాటినాక తిరుపతిలో ఎక్కితే నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, నల్గొండ మీదుగా అటూ ఇటూగా ఎనిమిదిన్నర గంటల ప్రయాణంలో చేరుస్తుంది. చైర్ కారులో ఒక పక్క మూడు, ఒక పక్క రెండు సీట్లు. ఎగ్జిక్యూటివ్‌లో అయితే రెండూ రెండూ, అవి గుండ్రంగా తిరుగుతాయి కూడా. చైర్ కారులో తిరగవు. సగం సీట్లు బండి పోయే వైపు, సగం వెనక్కి. అమ్మ వెనక్కి చూసే వరసలో పడింది. “ఊరు మనల్ని వదిలిపెట్టి పోతా ఉన్నట్టుందిరా” అని కాసేపు నవ్వుకునింది.

సీటు ఎంత వెనక్కి వాలుతుందనే దాని మీద మొదటి వందే భారత్ల నుంచీ ఫిర్యాదులున్నాయి. 2023లో తర్వాతి రైళ్ళకు చేసిన మార్పుల్లో వాలు కోణాన్ని 17.31 నుంచి 19.37 డిగ్రీలకు పెంచినారు. కాగితం మీద చూస్తే రెండు డిగ్రీలకు ఇంత రాద్ధాంతమా అనిపిస్తుంది. ఒంగోలు దాటినాక నడుముకు తెలుస్తుంది ఆ రెండు డిగ్రీల విలువ. అదే విడతలో చేతులు కడుక్కునే తొట్టి లోతు పెంచినారు, నీళ్ళు మీద చిందకుండా. ఇట్లాంటి పనులు చేసినవాడెవడో రైల్లో నిజంగా ప్రయాణం చేసినవాడే అయి ఉంటాడు.

భోజనం సీటు దగ్గరికే వచ్చింది. ట్రే బల్ల మీద అన్నం కలుపుకునేదానికి మోచెయ్యి ఆడదు. పక్కాయన, నేను వంతులు వేసుకుని తిన్నట్టయింది.

సికింద్రాబాదులో దిగినాక మళ్ళీ లెక్కపెట్టినాను. ఆరు, పది, ఇరవై. అమ్మ బెంచీ అడగనే లేదు, ఆటోవాడితో బేరం కూడా ఆమే చేసింది. ఇంటికి పోయి చెప్పులు విప్పితే మాత్రం పాదాలు రెండూ పూరీల మాదిరి పొంగి ఉన్నాయి.

పొద్దున మామ ఫోన్. “ఏమక్కా, ఎట్లుంది?”

“నడుము బాగుంది. కాళ్ళే ఉబ్బినాయి. పడుకుని వస్తే నడుము, కూర్చుని వస్తే కాళ్ళు.”

వచ్చే నెల మళ్ళీ తిరుపతి పోవాల, మామ మనవరాలి చెవులు కుట్టే వేడుక ఉంది. ఈసారి థర్డ్ ఏసీ. ఆన్‌లైన్లో బుక్ చేసేటప్పుడు ‘ఒక్క లోయర్ బెర్తయినా వస్తేనే బుక్ చెయ్యి’ అనే గడి ఉంటుంది కదా, దాన్ని నొక్కి రెండు తేదీలు ప్రయత్నించినాను. రెండింటికీ లోయరు లేదని తిప్పి పంపింది. మూడో తేదీకి దొరికింది, 17వ నంబరు. సైడ్ కాదు, అసలైన లోయరు. వేడుకకు రెండు రోజుల ముందే పోవాల్సి వస్తుంది. అమ్మ అప్పుడే సంచి సర్దుతా ఉంది, శాలువా మాత్రం మర్చిపోకుండా అన్నిటికన్నా పైన పెట్టింది.