వానలో ఆటోక్రాస్: జిగురు టైర్లు మేలా, లోతు గాడుల టైర్లు మేలా?

"అన్నా, వాన పడేలా ఉంది. టైర్లు మార్చుకుని రానా, ఉన్నవాటితోనే వచ్చేయనా?"

ఆదివారం పొద్దున్నే సియాటిల్‌లో బ్రెమెర్టన్ ఫెర్రీ కోసం కార్ల వరసలో ఉన్నప్పుడు వచ్చింది ఈ ఫోన్. అక్కడి ఎయిర్‌పోర్టును ఆనుకునే మా ఆటోక్రాస్. మా తమ్ముడు (వరసకే, ఇక్కడికి వచ్చాకే పరిచయం) ఈ ఆటలోకి కొత్తగా వచ్చాడు. వాడి ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. "ముందు గాడుల లోతు కొలిచి చెప్పరా" అన్నాను.

తెలియనివాళ్ళ కోసం: ఖాళీ పార్కింగ్ స్థలంలోనో, పాత రన్‌వే మీదో నారింజ రంగు కోన్లు పెట్టి దారి వేస్తారు. ఒక్కో కారు విడిగా వెళ్తుంది, పోటీ గడియారంతోనే. ఒక రన్ (ఆ దారిని ఒకసారి పూర్తి చేయడం) నిమిషం లోపే అయిపోతుంది. కోను పడేస్తే 2 సెకన్లు కలుపుతారు, దారి తప్పితే ఆ రన్ లెక్కలోకి రాదు. మన దేశంలో ఆటోక్రాస్ అనగానే చాలామందికి మట్టి ట్రాక్ గుర్తొస్తుంది. అమెరికాలో మట్టి మీద జరిగేదాన్ని ర్యాలీక్రాస్ అంటారు. నేను చెప్పేది తారు, కాంక్రీటు మీద జరిగే ఆట గురించి.

టైరు పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది, అది తగ్గేకొద్దీ టైరు త్వరగా అరుగుతుందని అర్థం. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) స్ట్రీట్ క్లాసుల్లో, అంటే మామూలు రోడ్డు కార్ల తరగతుల్లో, అది 200 కన్నా తక్కువ ఉండకూడదు. అందుకే పోటీకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది సరిగ్గా ఆ 200 దగ్గరే ఆగుతారు: బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్‌ఎస్, యోకోహామా అడ్వాన్ ఏ052, ఫాల్కెన్ ఆర్‌టీ660 లాంటివి. రబ్బరు మెత్తన, గాడులు తక్కువ. పొడి నేల మీద కరుచుకుని పోతాయి. రెండో రకం రోజూ ఆఫీసుకి వెళ్ళే ఆల్-సీజన్ టైర్లు. ఉదాహరణకి మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4 అంకె 540. రబ్బరు కాస్త గట్టి, గాడులు లోతు, నీళ్ళు బయటికి పోయే దారులు ఎక్కువ.

వాన అనగానే రెండో రకమే మేలని చాలామంది తేల్చేస్తారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ నేల తడిసి మెరుస్తూ, ఎక్కడా నీళ్ళు నిలవకుండా ఉంటే మంచి గాడులున్న 200 టైరే గెలుస్తుంది. తడి నేల మీద కూడా పట్టు ఇచ్చేది మెత్తటి రబ్బరే. పైన చెప్పినవాటిలో మొదటి రెండింటికీ తడిలో మంచి పేరే ఉంది. సన్నటి ముసురుకి భయపడి టైర్లు మార్చడం నా లెక్కలో అనవసరం.

నీళ్ళు నిలిస్తే కథ మారిపోతుంది. విమానాల టైర్ల కోసం నాసా వాళ్ళు 1960లలో తేల్చిన లెక్క ఒకటి ఉంది. టైరులోని గాలి ఎన్ని పీఎస్ఐయో చూసి, దాని వర్గమూలాన్ని 10.35తో గుణిస్తే టైరు నీటి మీద తేలిపోయే వేగం గంటకు ఇన్ని మైళ్ళని వస్తుంది. 36 పీఎస్ఐ ఉంటే వర్గమూలం 6, అంటే 62 మైళ్ళు, మన లెక్కలో దాదాపు 100 కిలోమీటర్లు. 25కి దించితే 52 మైళ్ళే. గాడులు నీటిని తోడలేని స్థితికి వర్తించే లెక్క ఇది. లోతు గాడులుంటే ఆ వేగం ఇంకా పైకి పోతుంది. అరిగిపోయిన వెడల్పాటి 200 టైరుతో మడుగులోకి దిగితే మాత్రం ఆ అంకెలకు దగ్గరగానే ఉంటాం. ఆటోక్రాస్‌లో నిటారు దారి మీద 50, 60 మైళ్ళు మామూలే.

గాలి విషయంలో కొందరు పట్టు కోసం తడిలో 4, 5 పీఎస్ఐ తగ్గిస్తారు. నాకు అది నచ్చదు. నీళ్ళు నిలిచిన చోట గాలి కొంచెం ఎక్కువ ఉంటేనే గాడులు మూసుకుపోకుండా తెరుచుకుని ఉంటాయి. ఒట్టి తడి అయితే పొడి రోజు పెట్టేంతే ఉంచి చూడమంటాను.

చలి ఇంకో లెక్క. సుమారు 7 డిగ్రీల లోపు అయితే 200 టైరు రబ్బరు గట్టిపడిపోతుంది. వేడెక్కే లోపే రన్ అయిపోతుంది. చలీ వానా కలిసొచ్చిన రోజు ఆలోచించకుండా ఆల్-సీజన్ వేసుకోండి.

తమ్ముడు కొలిచి చెప్పాడు: వెనక టైర్లు 2 మిల్లీమీటర్లు. చట్టం ఒప్పుకునే హద్దు 1.6. "ఆల్-సీజన్‌తో రా" అన్నాను. ఆ పొద్దున కోర్సు చివరి మలుపు దగ్గర బారెడు వెడల్పున మడుగు కట్టింది. నా కారు మజ్దా మియాటాకి కొత్త 200 టైర్లే ఉన్నా ఆ మడుగులో ఒక్క క్షణం స్టీరింగ్ చేతిలో బరువు లేకుండా తేలికైపోయింది. గుండె గొంతులోకి వచ్చింది. వాడి సివిక్ అదే చోట నీళ్ళు చిమ్ముకుంటూ గీత గీసినట్టు వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి వాన వెలిసి నేల ఆరాక నా టైము మూడు సెకన్లకు పైగా తగ్గింది, వాడిది అంతగా తగ్గలేదు.

ఇక కారు సంగతి. బయలుదేరేటప్పుడు, మలుపులోంచి బయటపడేటప్పుడు నాలుగు చక్రాలూ లాగే డబ్ల్యూఆర్‌ఎక్స్ లాంటి కారుకి తడిలో ఎదురులేదు. బ్రేకు వేసినప్పుడు, మలుపు తిప్పినప్పుడు మాత్రం దానికి అదనపు లాభం ఏమీ లేదు. అక్కడ పని చేసేది టైరు ఒక్కటే. కొత్తవాళ్ళకు ముందు చక్రాలు లాగే సివిక్కే మేలంటాను. జారితే ముందుకే జారుతుంది, యాక్సిలరేటర్ వదిలితే చాలావరకు దారిలోకి వస్తుంది. వెనక చక్రాలు తోసే మియాటా కాలు కాస్త బరువుగా పడినా గిర్రున తిరుగుతుంది. పాదం ఎంత మెత్తగా ఉండాలో మాత్రం నాకు వానలో అదే నేర్పింది, ఇంకే కారూ అంత బాగా నేర్పదు. మొదటి సంవత్సరం వానలో స్టెబిలిటీ కంట్రోల్ (కారు జారుతుంటే తనంతట తానే సర్దే ఏర్పాటు) ఆపకండి.

ఉన్న రన్‌లలో మంచి టైమే లెక్క కదా, మరి ముందు రన్ మేలా, చివరి రన్ మేలా? ఆకాశం తెరిపిస్తుంటే చివరిదే. మబ్బు కమ్ముకొస్తుంటే మొదటి రన్‌లోనే, కోను తగలకుండా, ఉన్నదంతా పెట్టాలి. అన్నిటికన్నా ప్రమాదం మొదటి చినుకులు. తొలకరి చినుకులకు రోడ్డు మీది దుమ్మూ నూనే కలిసి సబ్బులా అవుతుందని చిన్నప్పుడు నాన్న స్కూటర్ చెట్టు కింద ఆపేసేవారు. బ్రెమెర్టన్‌లో నేను చూసిందీ అదే: జల్లు మొదలైన ఆ కాసేపట్లోనే ఎక్కువ కార్లు తిరిగిపోతాయి, గట్టిగా కురిసి కడిగేశాక కాదు.

కోర్సు నడిచి చూసేటప్పుడు మలుపులతో పాటు నేలనూ చూడండి. తెల్ల, పసుపు రంగు గీతలు, పగుళ్ళు పూడ్చిన తారు పట్టీలు తడిస్తే గాజులా జారతాయి. వాటిని దాటేదాకా స్టీరింగ్ నిటారుగా ఉంచి, ఆ తర్వాత తిప్పాలి. అద్దం మీద ఆవిరి పట్టకుండా ముందే ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పండి. మన ఊపిరికే ఆ అద్దం మసకబారుతుంది. పొడి గుడ్డ ఒకటి సీటు పక్కన ఉంచుకుని, కారెక్కి కూర్చోగానే బూట్ల అడుగులు తుడుచుకోండి. ఆ రోజు రెండో రన్‌లో స్టార్ట్ గీత మీదే నా పాదం క్లచ్ మీంచి జారింది.