పొలం కొలతల పనికి సివిల్ 3డీ: కోగో కమాండ్ల మీద నా మాట

సివిల్ 3డీ అనగానే మన దగ్గర చాలామందికి రోడ్ల డిజైనే గుర్తొస్తుంది. నాకు రోడ్లతో పని లేదు. ఏలూరు చుట్టుపక్కల పొలాలు, చేపల చెరువులు, లేఅవుట్లు కొలిచి పటం చేసి ఇవ్వడం నా వృత్తి. ఆటోడెస్క్ వాళ్ల ఈ సాఫ్ట్‌వేర్‌లో నేను రోజూ వాడేది ఒక్క కోగో (కోఆర్డినేట్ జామెట్రీ) భాగమే. బేరింగూ (గీత దిశను చెప్పే కోణం) దూరమూ ఇస్తే బిందువు పెట్టడం, రెండు బిందువులు చూపిస్తే మధ్య దూరమూ దిశా చెప్పడం, రెండు గీతలు ఎక్కడ కలుస్తాయో తేల్చడం ఇందులోకి వస్తాయి. 1960 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో చార్లెస్ మిల్లర్ బృందం కంప్యూటర్ మీద మొదలుపెట్టిన పద్ధతి ఇది. లెక్కలు అప్పటివే, పని చేసే తీరు మారింది.

వీటికోసం అంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలా అని తోటి సర్వేయర్లు అడుగుతుంటారు. గీయడం ఒక్కటే పనైతే అక్కర్లేదంటాను. గీసింది సరిగ్గా ఉందో లేదో ఇంకో దారిలో తేల్చుకోవాలనుకునేవాళ్లకు మాత్రం పెట్టిన డబ్బు దండగ కాదు. ఎందుకో చెబుతాను.

ముందు రోజువారీ పని. లైన్ కమాండు ఇచ్చి, మొదలు బిందువు పెట్టి, అపాస్ట్రఫీ గుర్తుతో బీడీ అని కొడితే బేరింగు-దూరం పద్ధతిలోకి వెళ్తుంది. ముందు క్వాడ్రంట్ అడుగుతుంది: ఈశాన్యానికి 1, ఆగ్నేయానికి 2, నైరుతికి 3, వాయవ్యానికి 4. తర్వాత బేరింగు, ఆ తర్వాత దూరం. ఫీల్డు పుస్తకంలో ఉత్తరం 45 డిగ్రీల 30 నిమిషాల 15 సెకన్లు తూర్పు, 62.40 మీటర్లు అని ఉందనుకుందాం. 1 కొట్టి, 45.3015 కొట్టి, 62.40 కొడితే గీత పడిపోతుంది. మొదలు బిందువు నార్తింగ్ (ఉత్తరం వైపు అంకె) 5000, ఈస్టింగ్ (తూర్పు వైపు అంకె) 5000 అయితే కొత్తది నార్తింగ్ 5043.73, ఈస్టింగ్ 5044.51 దగ్గర పడాలి. లైన్ కమాండు ఆగదు, తర్వాతి బేరింగు అడుగుతూనే ఉంటుంది. ఎస్కేప్ ఒకసారి నొక్కితే మామూలు లైన్‌లోకి వచ్చేస్తాం. అజిమత్‌లో (ఉత్తరం నుంచి కుడివైపు తిరిగి కొలిచే కోణం) రాసుకున్నవాళ్లకు జడ్‌డీ, వెనక గీత నుంచి కోణం తీసుకున్నవాళ్లకు ఏడీ, డిఫ్లెక్షన్ కోణానికి (వెనక గీతను పొడిగిస్తే దాని నుంచి తిరిగిన కోణం) డీడీ ఉన్నాయి. పుస్తకంలో ఎలా రాసుకున్నామో అలాగే ఎక్కించవచ్చు. మధ్యలో కాలిక్యులేటర్ ముట్టుకోనక్కర్లేదు, అంకె మార్చి రాసేటప్పుడు దొర్లే తప్పులూ ఉండవు.

ఇక్కడ కొత్తవాళ్లు జాగ్రత్త పడాల్సింది ఆ చుక్క దగ్గర. 45.5 అని కొడితే అది నలభై ఐదున్నర డిగ్రీలు కాదు. చుక్క తర్వాత మొదటి రెండంకెలు నిమిషాలు, తర్వాతి రెండు సెకన్లు. కాబట్టి 45.5 అంటే 45 డిగ్రీల 50 నిమిషాలు. ఇరవై నిమిషాల తేడా చూడ్డానికి చిన్నదే, అరవై మీటర్ల గీత చివర అది 35 సెంటీమీటర్లు. పల్లెలో గట్టు వెడల్పు అంతే ఉంటుంది. మా ఆఫీసులో కుర్రాళ్లకు నేను పెట్టిన నియమం ఒకటే: సెకన్లు సున్నా అయినా సరే 45.3000 అని నాలుగంకెలూ పూర్తిగా కొట్టాలి.

ఎన్ఈ అనే కమాండు ముందు నార్తింగ్, తర్వాత ఈస్టింగ్ అడుగుతుంది. మామూలు ఆటోక్యాడ్ ముందు ఎక్స్ అడుగుతుంది, అంటే ఈస్టింగ్. మన ఫీల్డు అలవాటు నార్తింగ్ ముందు. టోటల్ స్టేషన్ (కోణాలూ దూరాలూ కొలిచే పరికరం) ఫైలు ఎక్కించేటప్పుడూ ఇదే గొడవ. నార్తింగ్ ముందున్న ఫైలును ఈస్టింగ్ ముందున్న ఫార్మాట్‌తో తీసుకుంటే పొలం మొత్తం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. ఘోరం ఏమిటంటే విస్తీర్ణం మాత్రం సెంటు కూడా మారదు. గీతల పొడవులూ మారవు. విస్తీర్ణం సరిపోయిందని పటం ఇచ్చేస్తే రోడ్డు పక్కనున్న ముక్క కాలవ పక్కకు పోతుంది. యూటీఎంలో (ప్రపంచాన్ని జోన్లుగా విడగొట్టి మీటర్లలో చెప్పే గ్రిడ్) పని చేస్తే పట్టుకోవడం తేలిక. మా ఏలూరు వైపు ఈస్టింగ్ ఐదు లక్షల పైచిలుకు, నార్తింగ్ పద్దెనిమిది లక్షల పైచిలుకు ఉంటాయి, అంకెలు చూడగానే తెలిసిపోతుంది. ఐదువేలు-ఐదువేలు అని సొంత మూలబిందువు పెట్టుకున్నప్పుడే ప్రమాదం. అందుకే నేను 5000, 2000 అని వేరువేరుగా పెడతాను.

నాకు బాగా నచ్చిన కమాండు సంగతి. క్రియేట్ పాయింట్స్ పట్టీలో మిసలేనియస్ కింద స్టేషన్/ఆఫ్‌సెట్ ఆబ్జెక్ట్ అని ఉంటుంది. మన ఎఫ్ఎంబీ (సర్వే శాఖ ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) పటాలను తిరిగి గీయడానికి ఇంతకంటే సరైంది లేదు. ఎఫ్ఎంబీలో రాయి నుంచి రాయికి జి-లైన్ ఉంటుంది, దాని మీద ఫలానా దూరంలో ఎడమకో కుడికో ఇంత ఆఫ్‌సెట్ (గీతకు లంబంగా పక్కకు దూరం) అని హద్దు వంపులు రాసి ఉంటాయి. ఆ జి-లైన్‌ను గీతగా గీసి, దాన్ని చూపించి, గీత మీద దూరం 42.6, ఆఫ్‌సెట్ మైనస్ 13.2 అంటే ఎడమవైపు వంపు బిందువు వచ్చేస్తుంది. కుడివైపైతే మామూలు అంకె. గీతను ఏ చివర దగ్గర పట్టుకుంటే ఆ చివర నుంచి లెక్క మొదలవుతుంది, కాబట్టి మొదలు రాయి వైపే క్లిక్ చేయాలి. పాత పటం లింకుల్లో ఉంటే మాత్రం మనమే మార్చుకోవాలి. డ్రాయింగ్ యూనిట్లలో అడుగులు, మీటర్లు తప్ప గొలుసులు, లింకులు లేవు. వంద లింకులు 20.1168 మీటర్లు. నేను ముందే ఎక్సెల్‌లో ఒక వరసలో లింకులు, పక్క వరసలో మీటర్లు వేసుకుని కూర్చుంటాను. మన దేశంలో ఇంకా ఇన్ని పటాలు లింకుల్లో ఉండగా ఆ సౌకర్యం లేకపోవడం నాకు లోటుగానే అనిపిస్తుంది.

రాయి పోయిన చోట డిస్టెన్స్/డిస్టెన్స్ ఇంటర్‌సెక్షన్ వాడతాను. మిగిలిన రెండు రాళ్ల నుంచి రెండు దూరాలు ఇస్తే రెండు వృత్తాలు కలిసే రెండు చోట్లూ చూపించి ఏది కావాలో అడుగుతుంది. రెండింటిలో ఏది నిజమో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. మూడో రాయి నుంచి కూడా ఒక దూరం కొలిచి తెచ్చుకుంటేనే ధైర్యంగా క్లిక్ చేయగలం.

అసలు విషయం మ్యాప్‌చెక్. గీసిన పార్శిల్ గీతల మీద మనం వేసిన లేబుళ్లను ఒక్కొక్కటీ చూపించుకుంటూ పోతే, ఆ లేబుల్‌లో కనిపించే అంకెలతోనే మళ్లీ చుట్టూ తిరిగి వచ్చి, మొదలైన చోటే ముడి పడిందో లేదో, పడకపోతే తేడా ఎంతో చెబుతుంది. లోపల దాచుకున్న పొడవాటి దశాంశాల అంకెలతో కాదు, కాగితం మీద అచ్చయ్యే రెండు దశాంశాలతో. రేపు కోర్టులోనైనా, పక్క రైతు తెచ్చుకున్న సర్వేయర్ దగ్గరైనా ఉండేది ఆ కాగితమే కదా. 412.36 మీటర్ల చుట్టుకొలత మీద 0.018 తేడా వస్తే దాదాపు 1:22,900 అని చూపిస్తుంది. అది చూసి నిశ్చింతగా సంతకం పెడతాను.

డ్రాయింగే లేకుండా, కాగితం మీది అంకెలు చేత్తో ఎక్కించి కూడా మ్యాప్‌చెక్ చేయొచ్చు. ఒక రైతు కొనబోయే భూమికి వేరే ఎవరో ఇచ్చిన పటం పట్టుకుని వచ్చారు. ఐదు హద్దులు, ఐదు బేరింగులు, విస్తీర్ణం కింద రాసి ఉంది, చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఎక్కిస్తే ముడి పడలేదు, తేడా సరిగ్గా పది మీటర్లు. మ్యాప్‌చెక్ తేడా ఎంతో చెప్పి ఊరుకోదు, ఏ దిశలో ఉందో కూడా చెబుతుంది. ఆ దిశ మూడో హద్దు బేరింగుతో అచ్చంగా కలిసింది. తేడా ఒక గీత దిశలోనే పడితే ఆ గీత పొడవులోనే తప్పు ఉందన్నమాట. 47.60 అనాల్సింది 37.60 అని పడింది. పొలానికి వెళ్లి టేపు పట్టి చూస్తే 47.60 ఉంది. "అయ్యా, ఈ కాగితంతో రిజిస్ట్రేషన్‌కు వెళ్లేవాడిని" అన్నారాయన. అంకె దిద్దించుకునే వెళ్లారు. ఈ ఒక్క సౌకర్యం కోసం నేను ఈ సాఫ్ట్‌వేర్‌ను వదల్లేను.

ఇంకో విషయం రోవర్లు (ఉపగ్రహాలతో బిందువులు కొలిచే పరికరాలు) వాడేవాళ్లంతా పట్టించుకోవాలి. యూటీఎం గ్రిడ్ మీద దూరం, నేల మీద టేపు దూరం ఒకటి కావు. 44వ జోన్ మధ్యరేఖ 81 డిగ్రీల తూర్పు, దాని మీద గుణకం (నేల దూరాన్ని గ్రిడ్ దూరంగా మార్చే అంకె) 0.9996. ఏలూరు దాదాపు ఆ రేఖ మీదే ఉంది, సముద్రమట్టానికి పెద్ద ఎత్తూ లేదు. అంటే నేల మీద వంద మీటర్లు గ్రిడ్‌లో 99.96 అవుతుంది. విస్తీర్ణంలో ఎకరానికి దాదాపు నాలుగు గజాలు తగ్గి కనిపిస్తుంది, పదెకరాల లేఅవుట్‌కు నలభై గజాలకు దగ్గర. హైదరాబాద్ వైపు అదే గుణకం ఒకటి దాటుతుంది, పైగా అక్కడి ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. అనంతపురం 43వ జోన్‌లోకి, ఇచ్ఛాపురం 45వ జోన్‌లోకి వెళ్లిపోతాయి. సివిల్ 3డీ డ్రాయింగ్ సెట్టింగ్స్‌లో యూనిట్స్ అండ్ జోన్ ట్యాబ్‌లో జోన్‌ను, ట్రాన్స్‌ఫర్మేషన్ ట్యాబ్‌లో ఈ గుణకాన్ని పెట్టుకోవచ్చు. పెట్టకపోతే అడగదు. పటం మీద గ్రిడ్ దూరమా, నేల దూరమా అని ఒక ముక్క రాయడం నేను తప్పనిసరి చేసుకున్నాను.

ట్రావర్స్ (ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు వరసగా కొలుస్తూ పోవడం) సర్దుబాటు మాత్రం చిన్న పనికి బరువు. కంపాస్ రూల్, ట్రాన్సిట్, క్రాండల్, లీస్ట్ స్క్వేర్స్ అన్నీ ఉన్నాయి, లెక్క నమ్మదగ్గదే. కానీ ఆరు స్టేషన్ల ట్రావర్స్‌కు సర్వే డేటాబేస్ తెరిచి, నెట్‌వర్క్ పెట్టి, అంత తతంగం చేయాలి. అలాంటి చిన్నవి ఎక్సెల్‌లో బౌడిచ్ (కంపాస్ రూల్) పద్ధతిలో సర్ది బిందువులు తెచ్చుకుంటాను. పెద్ద చెరువు చుట్టూ తిరిగినప్పుడే డేటాబేస్ తెరుస్తాను.

రెండొందల గజాల ఇంటిస్థలం పటాలే ఎక్కువగా చేసేవాళ్లకు మామూలు ఆటోక్యాడ్ చాలు. యూనిట్స్‌లో సర్వేయర్స్ కోణాలు పెట్టుకుంటే అందులోనూ బేరింగు కొట్టొచ్చు. పైసా ఖర్చు వద్దంటే క్యూజీఐఎస్‌లో అడ్వాన్స్‌డ్ డిజిటైజింగ్ ప్యానెల్ ఉంది, దూరం, కోణం బిగించి గీయొచ్చు. ఆ ప్యానెల్ ముడి తేడా మాత్రం చెప్పదు. పొలాలు విడగొట్టేవాళ్లు, పాత ఎఫ్ఎంబీలు తిరిగి గీసేవాళ్లు, ఇతరుల పటాలు సరిచూసేవాళ్లు సివిల్ 3డీ చందా కట్టే ముందు ట్రయల్ వెర్షన్ వేసుకోండి. రాళ్లన్నీ నేల మీద ఇప్పటికీ ఉన్న మీ పాత పని ఒకటి తీసి, ఫీల్డు పుస్తకం నుంచి బీడీతో మళ్లీ గీసి, లేబుళ్లు వేసి మ్యాప్‌చెక్ చేయండి.