సిడ్నీలో ఆదివాసీ కళ: పాత రైల్వే షెడ్డులోనా, ఆర్ట్ గ్యాలరీలోనా?

సిడ్నీలో ఆస్ట్రేలియా ఆదివాసీల కళ చూడటానికి క్యారేజ్‌వర్క్స్ అనే పాత రైల్వే షెడ్డు మేలా, న్యూ సౌత్ వేల్స్ ఆర్ట్ గ్యాలరీ మేలా అన్నది బొమ్మ దేనిమీద వేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది తెలియకుండా బయల్దేరితే సగం కళ కళ్లబడదు.

ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న ఆర్నెమ్ ల్యాండ్ ప్రాంతపు చిత్రకారులు యూకలిప్టస్ బెరడు మీద వేస్తారు. వానాకాలంలో చెట్టుకు రసం పట్టినప్పుడు బెరడు ఒలిచి, మంట మీద కాచి, బరువులు పెట్టి చదును చేస్తారు. ఆపైన ఎర్ర, పసుపు, తెల్ల మట్టిరంగులు, నలుపు. వెంట్రుకల కుంచెతో ఒకదాని పక్కన ఒకటి గీసే అడ్డగీతలు దారప్పోగంత సన్నం. గాలిలో తేమ మారితే బెరడు వంగుతుంది, రంగు పెచ్చులూడుతుంది. రేకుల షెడ్డు దానికి పనికిరాదు.

అందుకే బెరడు చిత్రాలకు న్యూ సౌత్ వేల్స్ ఆర్ట్ గ్యాలరీయే సరి. అక్కడి ఆదివాసీ కళా విభాగం యిరిబానా, 2022లో తెరిచిన కొత్త భవనంలో గుమ్మం దగ్గరే ఉంటుంది. టికెట్టు లేదు. బెరడు ఉన్నచోట వెలుతురు తగ్గిస్తారు కాబట్టి కళ్లు అలవాటుపడేదాకా ఆగండి. తర్వాత దగ్గరికెళ్లి, కాస్త పక్కనుంచి చూస్తే గీతలు విడివిడిగా తేలతాయి. ఫ్లాష్ వద్దు.

భారీ గోడచిత్రాలు, వీడియోలు, వేలాడదీసే నిర్మాణాలైతే షెడ్డులాంటి పెద్ద పాత కట్టడాలకే నా ఓటు. రెండేళ్లకోసారి జరిగే సిడ్నీ కళా ప్రదర్శన బియెన్నాలేలో భాగంగా 2024లో వైట్ బే పాత విద్యుత్ కేంద్రంలో చిత్రకారుడు డిలన్ మూనీ వేసిన గోడచిత్రం మామూలు గదిలో పట్టేది కాదు. ఇక క్యారేజ్‌వర్క్స్ ఒకప్పుడు రైలు పెట్టెలు తయారైన ఈవ్లీ వర్క్‌షాపు, 2007 నుంచి కళాకేంద్రం. ఈ రైల్వే యార్డుల్లో ఎందరో ఆదివాసీలు పనిచేశారు, ఆ పనికోసమే వచ్చి పక్కనున్న రెడ్‌ఫర్న్ పేటలో స్థిరపడ్డ కుటుంబాలున్నాయి. వాళ్ల కళను అక్కడే చూడటానికి నేను చాలా విలువిస్తాను.

షెడ్డుతో ఇబ్బందులూ ఉన్నాయి. కాంక్రీటుకీ ఇనుముకీ శబ్దం మారుమోగి వీడియోలో పాట కలగాపులగమవుతుంది, స్పీకరుకు దగ్గరగా నిలబడాలి. జూన్, జూలైలు అక్కడ చలికాలం, నేల చల్లగా ఉంటుంది, స్వెట్టరు తప్పదు. అన్నిటికంటే ముఖ్యం, రెండు ప్రదర్శనల మధ్య హాళ్లు ఖాళీగా ఉంటాయి. కార్యక్రమాల పట్టిక చూసుకోకుండా వెళ్లొద్దు.

రెండు చోట్లా ఒక మర్యాద ఉంది. చనిపోయినవారి పేర్లు, ఫొటోలు ఉంటాయని గుమ్మం దగ్గర హెచ్చరిక పెడతారు. వాటిని ఫోనులో తీసి పంచుకోకండి.

మొదటిసారైతే యిరిబానా, అక్కడ చూడటానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. షెడ్డులో ప్రదర్శన నడుస్తుంటే మాత్రం రెండూ ఒకే రోజు పెట్టుకోవచ్చు. పరమట్టా, వెస్ట్‌మీడ్ వైపు మనవాళ్లకు టీ1 రైలు నేరుగా రెడ్‌ఫర్న్‌లో ఆగుతుంది, అక్కణ్నుంచి షెడ్డుకు పది నిమిషాల నడక. మధ్యాహ్నం సెంట్రల్‌లో రైలు మారి సెయింట్ జేమ్స్‌లో దిగితే గ్యాలరీకి మరో పది, పదిహేను నిమిషాలు. శనివారం ఒంటిగంట దాకా క్యారేజ్‌వర్క్స్‌లో రైతుబజారు ఉంటుంది, ఆ పూట కారుకు చోటు దొరకడం కష్టం.