ఓవర్‌క్వాలిఫైడ్ అంటున్నారు: అనుభవం తగ్గించి చూపాలా, ఉన్నదంతా చెప్పాలా?

పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు పనిచేసి మళ్లీ ఇంటర్వ్యూలకు తిరుగుతున్నవాళ్లు నన్ను పదే పదే అడిగేది ఇదే. "మీ అనుభవం ఈ పోస్టుకు మరీ ఎక్కువండీ" అని మర్యాదగానే పంపించేస్తున్నారట. మరి రెజ్యూమెలో కొంత కోసేయడం మేలా, ఉన్నది ఉన్నట్టు పెట్టి ఇంటర్వ్యూలో తేల్చుకోవడం మేలా? జీతం తగ్గించుకుంటానని ముందే చెప్పేస్తే సరిపోతుంది కదా అనేవాళ్లూ ఉన్నారు.

నన్నడిగితే, అవతలివాళ్లు దేనికి భయపడుతున్నారో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే. ఆ మర్యాద మాట వెనక సాధారణంగా మూడు అనుమానాలుంటాయి. మంచి ఆఫర్ రాగానే వెళ్లిపోతారేమో, తనకంటే చిన్న వయసు మేనేజర్ మాట వింటారో లేదో, ఇంతమాత్రం జీతానికి మనస్ఫూర్తిగా పనిచేస్తారో లేదో. అన్నిటికన్నా బలమైనది మొదటిదే. అమెరికాలో న్యూ లండన్ అనే నగరంలో 1996లో పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న ఒకాయనకు పరీక్షలో 33 మార్కులొచ్చాయి. నగరం ఇంటర్వ్యూకు పిలిచింది 20 నుంచి 27 మధ్య వచ్చినవాళ్లను. అంతకంటే ఎక్కువ వచ్చినవాళ్లకు ఆ పని విసుగొస్తుందని, ఖర్చుపెట్టి శిక్షణ ఇచ్చాక మానేస్తారని వాళ్ల వాదన. ఆయన కోర్టుకెళ్లాడు. 2000లో అప్పీలు కోర్టులో కూడా నగరమే గెలిచింది. "వెళ్లిపోతాడేమో" అన్న భయానికి అంత బలం ఉంది.

ఇక మొదటి దారి, తగ్గించి చూపడం. దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. చేరబోయే పనితో సంబంధం లేని పాత ఉద్యోగాలను ఒక్క లైనుకు కుదించడం, చివరి పది పదిహేనేళ్ల మీదే దృష్టి పెట్టడం మంచి పద్ధతి. రెజ్యూమె అంటే ఆత్మకథ కాదు కదా! వందల దరఖాస్తులు జల్లెడ పట్టే చోట ఈ సర్దుబాటు వల్లే ఫోన్ కాల్ రావచ్చు. కానీ హోదా మార్చి రాయడం, ఉన్న డిగ్రీని దాచడం వేరే సంగతి. లింక్డ్‌ఇన్ చూస్తే బయటపడుతుంది, వెరిఫికేషన్‌లో బయటపడుతుంది. పైగా చేరేటప్పుడు ఇచ్చే ఫారంలో ఉద్యోగాలన్నీ వరుసగా రాయమని, అన్నీ నిజమేనని సంతకం పెట్టమని అడుగుతారు. రెజ్యూమెలో వదిలేస్తే చెల్లిపోవచ్చు, ఆ ఫారంలో వదిలేస్తే మాత్రం వచ్చిన ఉద్యోగానికే ముప్పు.

దొరికిపోకపోయినా నష్టం ఉంది. ఇరవై మంది టీమ్‌ను నడిపిన మనిషి "టీమ్ సభ్యుడిగా పనిచేశాను" అని రాసుకున్నాడనుకోండి. "మీరు తీసుకున్న కష్టమైన నిర్ణయం ఒకటి చెప్పండి" అని అడగ్గానే, చెప్పాల్సిన అసలు సంగతి పక్కనపెట్టి చిన్న ఉదాహరణ వెతుక్కోవాలి. ప్రతి వాక్యం ముందు ఆగి ఆలోచించాలి. ఆ తడబాటు ఎదుటివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఇన్నేళ్లు కష్టపడి సంపాదించుకున్న బలాన్ని గుమ్మం బయటే వదిలేసి లోపలికెళ్లినట్టు.

అందుకే నా మొగ్గు రెండో దారికే. అంతా చెప్పాలి, వాళ్లు అడిగేదాకా ఆగకుండా ఆ అనుమానాన్ని మనమే ఎత్తాలి. అయితే ఎత్తాక ఏం చెబుతామన్నదే ముఖ్యం. "నాకు హోదా పట్టింపు లేదు", "ఏ పనైనా చేస్తాను" లాంటివి పనికిరావు. వినేవాళ్లకు అవి అవసరంలో ఉన్న మనిషి మాటల్లా వినిపిస్తాయి, అవసరం తీరగానే వెళ్లిపోతాడన్న భయం ఇంకా పెరుగుతుంది. ఈ పనే ఎందుకు, ఇప్పుడే ఎందుకు అన్నదానికి మన జీవితంలోంచి వచ్చిన కారణం ఒకటి కావాలి. ఉదాహరణకు ఇలా:

"నా రెజ్యూమె చూస్తే ఇది నాకు చిన్న పోస్టు అనిపించవచ్చు. గత ఆరేళ్లు మేనేజర్‌గా చేశాను. రోజంతా మీటింగులు, రిపోర్టులు, అప్రైజల్స్‌తోనే సరిపోయేది. నాకిష్టమైంది డిజైన్ పని. అందుకే మళ్లీ నేరుగా పని చేసే పోస్టులకే దరఖాస్తు పెడుతున్నాను. మీ పోస్టులో ఎక్కువ భాగం అదే కాబట్టి వచ్చాను."

"నేను మీకంటే చాలా జూనియర్‌ని కదండీ, ఇబ్బంది ఉండదా?" అని మేనేజర్ అడిగితే "అస్సలు ఉండదు" అని ఊరుకోకూడదు. మనకు నచ్చని నిర్ణయాన్ని, అభ్యంతరం ఒకసారి స్పష్టంగా చెప్పి, ఆ తర్వాత బాధ్యతగా అమలు చేసిన సందర్భం ఒకటి చెప్పాలి. వెంటనే "ఈ పోస్టులో నా అంతట నేను తీసుకోగల నిర్ణయాలు ఏమేమిటి?" అని తిరిగి అడగాలి. ఈ ప్రశ్న ఊరికే చెప్పడం లేదు. బెర్రిన్ ఎర్డొగాన్, టాల్యా బావర్ టర్కీలోని బట్టల దుకాణాల ఉద్యోగులపై చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, పనిలో స్వేచ్ఛ ఉందని భావించినవాళ్ల విషయంలో అర్హత ఎక్కువైనందువల్ల వచ్చే అసంతృప్తి, మానేసే ధోరణి తగ్గాయని తేలింది. ఆ స్వేచ్ఛ లేని చోట ఇంటర్వ్యూ చేసేవాళ్ల భయమే నిజమవుతుంది, కాబట్టి చేరకముందే తెలుసుకోవడం మనకూ అవసరం.

జీతం తగ్గించుకుంటానని ముందే చెప్పడం మాత్రం వద్దు. వాళ్ల భయం దానివల్ల తీరదు. ఎక్కువ ఇచ్చేవాళ్లు కనబడగానే పోతాడనే అనుకుంటారు. మాట వచ్చినప్పుడు "ఈ పోస్టుకు మీరు అనుకున్నది ఎంత?" అని అడిగి, ఆ మొత్తంతో ఇల్లు గడుస్తుందని ముందే లెక్క వేసుకుని ఉంటే, సమ్మతమేనని నింపాదిగా చెప్పండి.

ఈ పోస్టు కావాలనడానికి నిజమైన కారణమేదీ లేక, ఏదో ఒకటి దొరికేదాకా ఆదాయం ఉంటే చాలనుకునేవాళ్లకు కాంట్రాక్టు పనే నయం. గడువు ముందే రాసుకుంటారు కాబట్టి ఎంతకాలం ఉంటారన్న ప్రశ్న పెద్దగా రాదు.