సొంత సంచీతో విడి సరుకా, ప్యాకెట్టా?

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు గోనె బస్తాల్లోంచి తీసి తూచి ఇచ్చే కొట్లు ఇంకా ఉన్నాయి. ప్యాకెట్లు అమ్మే షాపులూ ఉన్నాయి. నెల సరుకులకు ఏది మేలు?

ఖర్చు: మామూలుగా విడి సరుకే చవక. 25 కిలోల వరకు ఉన్న లేబుల్ ప్యాకెట్ బియ్యం, పప్పులపై 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ వేశారు, విడిగా తూచి ఇచ్చేవాటికి లేదు. ఆఫర్ ఉన్న రోజు మాత్రం లెక్క మారొచ్చు.

శ్రమ: ప్యాకెట్‌తో ఏ తలనొప్పీ లేదు. విడి సరుకుకు సొంత డబ్బాలైతే కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, మోసుకెళ్లాలి. అన్నిటికీ స్టీలు డబ్బాలెందుకు? పప్పులకు గుడ్డ సంచులు చాలు. బెల్లానికి, చింతపండుకే డబ్బా. ముందు ఖాళీ డబ్బాను కాటా మీద పెట్టించి, సున్నా చేయించాకే సరుకు పోయించండి. లేకపోతే డబ్బా బరువుకూ చింతపండు ధరే కడతారు!

రిస్క్: విడి సరుకులో రాళ్లు, పురుగు ఉండొచ్చు, తేదీ తెలియదు. చోళ్లు (రాగులు), పెసలు అరచేతిలో పోసుకుని చూడొచ్చు. కారంలో కల్తీ కంటికి దొరకదు. పొడులు, నూనె సీలున్నవే తీసుకోవాలి.

చెత్త: గుడ్డ సంచీకి దాదాపు లేదు. మెరిసే ప్యాకెట్ కవర్లను పాత సామాన్లవాళ్లు కూడా తీసుకోరు.

కొట్టు నడిచే దూరంలో ఉండి, పప్పులూ చోళ్లూ ఎక్కువ వాడే ఇంటికి సంచీలే. డ్యూటీ దిగి కొట్టు కట్టేసే వేళకు చేరేవాళ్లకు ప్యాకెట్టే, అదీ పెద్ద సైజుది.