520 బైట్ల సెక్టార్ల హార్డ్‌డిస్కులు మామూలువని చెప్పి అంటగడుతున్నారు, జాగ్రత్త

పోయిన శనివారం సికింద్రాబాద్‌లో పాత సర్వర్ సామాన్ల దుకాణంలో 4 టెరాబైట్ల సాస్ (సర్వర్లలో వాడే రకం) డిస్కులు రెండు కొన్నాను, ఆరు వేలు. ఇంటికి తెచ్చి తగిలిస్తే సామర్థ్యం సున్నా. 520 బైట్ల సెక్టార్ (డిస్కు డేటాను రాసుకునే ఒక్కో ముక్క) తనకు చెల్లదని లినక్స్ లాగ్‌లో ఒకే ఒక్క వాక్యం. అంటే ఏదో పెద్ద స్టోరేజి పెట్టెలోంచి పీకినవన్నమాట. వాటి ఒక్కో సెక్టార్‌లో 512 బైట్ల డేటాకు తోడు, తప్పులు పట్టుకోవడానికి మరో 8 బైట్లు ఉంటాయి. 512కు మార్చాలంటే డిస్కు మొత్తాన్నీ ఎస్‌జీ_ఫార్మాట్ అనే ప్రోగ్రాంతో కొత్తగా ఫార్మాట్ చేయాలి. గంటలకొద్దీ పడుతుంది.

ఫోను చేస్తే "పది నిమిషాల పని సార్, తీసుకురండి" అన్నాడు యజమాని. నిన్న తీసుకెళ్లాను. "ఇవన్నీ ఇలాగే వస్తాయి సార్, రోజూ మారుస్తూనే ఉంటాం" అన్నాడు పనిచేసే కుర్రాడు. అంటే అమ్మేటప్పుడే తెలుసు! మధ్యాహ్నం మూడింటికి రెండూ మొదలుపెట్టాడు. రాత్రి తొమ్మిదికి 81 శాతం. ఇంకో గంటన్నర ఆగమని బతిమాలాను. యజమాని షట్టర్ సగం దించి, నా ముఖం కూడా చూడకుండా చెయ్యి చాచి మెయిన్ స్విచ్ కట్టేశాడు. తెర నల్లబడింది. డిస్కుల కూత సన్నబడుతూ ఆగిపోవడం ఆ చీకట్లో స్పష్టంగా వినిపించింది.

"మధ్యలో ఆపకూడదని మీ కుర్రాడే చెప్పాడు కదండీ" అన్నాను.

"మీ కోసం రాత్రంతా కరెంటు కాల్చమంటారా? పాత సామానుకు గ్యారంటీ లేదని బిల్లు మీదే ఉంది, చదువుకోండి."

కుర్రాడు తల దించుకున్నాడు.

ఇంటికొచ్చి రాత్రికి రాత్రే మళ్లీ మొదటినుంచి నడిపాను. అలా చేస్తే చాలాసార్లు డిస్కు దారికొస్తుంది. ఒకటి తెల్లవారేసరికి వచ్చింది. రెండోదాన్ని మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ కొన్ని నిమిషాల్లోనే ఆగిపోయింది. ఫార్మాట్ పాడైందన్న మాట తప్ప మరొకటి చెప్పడం లేదు.

నా తప్పూ ఉంది. డిస్కు వివరాలు చూపే స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రాం నడిపితే బ్లాకు (అంటే సెక్టార్) పరిమాణం పైనే కనిపిస్తుంది. పిల్లల ఫోటోలకు చోటు దొరికిందన్న సంబరంలో, దుకాణంలోనే ఒకసారి చూపించమని అడగలేదు. ఆరు వేలు చేతిలో పెట్టి వచ్చేశాను.

డబ్బు ఇచ్చే ముందు ఆ అంకె చూడండి. 512 గానీ 4096 గానీ ఉంటేనే తీసుకోండి, దాన్ని బిల్లు మీద రాయించుకోండి. ఇప్పటికే 520వి కొని ఉంటే ఫార్మాట్ మీ ఇంట్లోనే, యూపీఎస్ మీద పెట్టి చేసుకోండి.